ఆర్లిస్ లేకపోతే హోటల్ తెరవలేం

విచారణ ఉన్న గురువారం నేను తెల్లవారకముందే హోటల్‌కి వెళ్ళిపోయాను. ఆ వేళప్పుడు నాకు అక్కడ పనేమీ లేదు. రాత్రంతా కంటిమీద కునుకు లేదు, ఇంట్లోనే ఉంటే మా ఆయన్ని కూడా పడుకోనివ్వనని లేచి వచ్చేశాను. వెనక గుమ్మం దగ్గర కారు ఆపేసరికి వంటింట్లో లైట్లు వెలుగుతున్నాయి, వెన్న కాగుతున్న వాసన రోడ్డు దాకా వస్తోంది. ఆర్లిస్ అప్పటికే రెండు ట్రేలు పొయ్యిలోకి ఎక్కించేశాడు.

"ఏంటి మిస్ వెర్నెల్, ఇంత పొద్దున్నే? పొయ్యి పేలిందని ఎవరైనా చెప్పారా?" అన్నాడు నన్ను చూసి. మా వైపు పెళ్ళయిన ఆడవాళ్ళని కూడా మర్యాదగా మిస్ అనే పిలుస్తారు.

"నోర్ముయ్. ఏమైనా తిన్నావా?"

"తినకుండా ఇన్ని చేస్తానా? విరిగినవన్నీ నా పొట్టలోకేగా."

నవ్వుతూనే అన్నాడు గానీ, పిండిని గుండ్రంగా కోసే రేకు చేతిలోంచి రెండుసార్లు జారి కిందపడింది. నాలుగేళ్ళలో అతని చేతిలోంచి ఏదైనా జారడం నేను చూడలేదు. నేను కిందకి వంగబోతే తనే గబుక్కున తీసి కడుక్కున్నాడు.

ఆర్లిస్ బాయ్‌కిన్‌కి నలభై మూడేళ్ళు. పందొమ్మిదేళ్ళుగా ఖైదీ, నాలుగేళ్ళుగా మా వంటవాడు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికల్లా జైలు క్యాంపు వాళ్ళ తెల్ల వ్యాన్ అతన్ని మా వెనక గుమ్మం దగ్గర దింపిపోతుంది, మళ్ళీ సాయంత్రం వచ్చి ఎక్కించుకుపోతుంది. మధ్యలో కాపలావాడు ఉండడు, బేడీలు ఉండవు. హోటల్ తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది, నేనే ఇచ్చాను. అతని జీతంలో ఐదింట రెండు వంతులు జైలు కోసుకుంటుంది, వ్యాన్ ఎక్కించుకున్నందుకూ బట్టలుతికినందుకూ మళ్ళీ విడిగా కోసుకుంటుంది. మరి పనికి రానంటే? రానంటే క్యాంపులోంచి తీసి పెద్ద జైలుకి పంపిస్తారు. అక్కడ నిద్రపోయేవాడు ఒక కన్ను తెరిచే పడుకోవాలని ఆర్లిస్ ఓసారి చెప్పాడు. అయినా సరే, అతను ఇష్టపడే వస్తున్నాడని మేమందరం అనుకునేవాళ్ళం. అలా అనుకుంటే మాకు హాయిగా ఉండేది మరి.

ఇక విచారణ సంగతి. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, ఖైదీని గడువుకి ముందే వదలాలా వద్దా అని తేల్చే రోజున ఆ ఖైదీ తప్ప అందరూ అక్కడ ఉంటారు. ముగ్గురు సభ్యులు కూర్చుంటారు. అతని తరఫున ముగ్గురు తలో రెండు నిమిషాలు మాట్లాడతారు. వద్దనడానికి ప్రభుత్వ వకీలు ఒకాయన ఉంటాడు. అక్కడికక్కడే చెప్పేస్తారు. తొంభై మైళ్ళ అవతల తన బతుకు గురించి మాట్లాడుకుంటుంటే ఆ మనిషి మాత్రం మామూలుగా పనికి రావాలి, చికెన్ వేయించాలి, బిస్కెట్లు చెయ్యాలి. మేం బిస్కెట్లనేవి అరచేతంత మందంగా పొంగే మెత్తటి రొట్టెలు. వాటికోసమే జనం పక్క ఊళ్ళనుంచి కార్లేసుకుని, కారు దిగకుండానే పొట్లాలు అందుకునే మా కిటికీ దగ్గరికి వస్తారు.

"ఏం చెప్పమంటావు వాళ్ళకి?" అని అడిగాను.

"మా అక్క ఏడవకుండా చూడండి చాలు. తను మొదలుపెట్టిందంటే ఆ రెండు నిమిషాలూ దానికే సరిపోతాయి."

"బయటికి రాగానే ఏం చేస్తావు?"

పిండి మీద చెయ్యి ఆపాడు. "మా బావకి రొయ్యల పడవ ఉంది. అదెక్కేస్తా. ఇంక జన్మలో పిండి ముట్టుకోను. కోపం తెచ్చుకోకండేం?"

"కోపం ఎందుకూ?" అన్నాను. కోపం రాలేదు గానీ ఎక్కడో చురుక్కుమంది. ఆ మాట ఒప్పుకోవాలి.

ఆర్లిస్ వాళ్ళక్క ఒపెల్ ఏడింటికి పాత కారేసుకుని వచ్చింది. కారుకి ఏసీ పనిచెయ్యదు, ఒక పక్క అద్దం దిగదు. చర్చికి వేసుకునే ఊదారంగు గౌను, తలమీద అదే రంగు టోపీ. నేను ఎక్కి కూర్చోగానే, "సిస్టర్, నీ ఉత్తరం చదివా. మొత్తం మూడు పేజీలు! మా తమ్ముడి గురించి ఇంత మంచిగా రాసిన మనిషిని నేను చూళ్ళేదు," అంది.

ఆ ఉత్తరం గురించి నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఇరవై రెండేళ్ళుగా మేనేజరుగా ఉన్నదాన్ని. ఎవరి గురించి మంచి మాట రాయాలన్నా మా కంపెనీ ఫారంలో ఉన్న వరసలోనే రాయడం నాకు అలవాటు. టైముకి వస్తాడా, సెలవులు పెడతాడా, లేకపోతే పని ఎంత దెబ్బతింటుంది. నాలుగేళ్ళలో ఒక్కరోజు ఆలస్యంగా రాలేదని రాశాను. ఒక్క ఆదివారం సెలవడగలేదని రాశాను. చివర్లో "ఆర్లిస్ బాయ్‌కిన్ లేకపోతే ఈ హోటల్ తెరవలేం" అని రాసి కింద రెండు గీతలు కూడా గీశాను. మెచ్చుకోవడమంటే మా పనిలో ఇదే. ఇంతకంటే పెద్ద మాట నాకు తెలియదు.

దారంతా మేమిద్దరం ఒకటే వాగుడు. కాసేపు ప్రార్థన, కాసేపు పాట, కాసేపు ఒపెల్ తన రెండు నిమిషాల ప్రసంగం అప్పజెప్పడం, నేను గడియారం చూడడం. మూడోసారికి నిమిషం యాభైలో ముగించింది. ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం. కారు పక్కకి లాగింది. "స్టీరింగ్ పట్టుకో తల్లీ!" అని కేకపెట్టాను. ఆమె పకపకా నవ్వింది. నవ్వు ఆగడం లేదు. పెళ్ళికి వెళ్తున్నట్టే ఉంది.

ఆ గదిలోకి అడుగుపెట్టాక ఆ నవ్వంతా ఎటు పోయిందో తెలియదు. ఎత్తు బల్ల వెనక ముగ్గురు. మధ్యలో తెల్లజుట్టు పెద్దావిడ, ఎడమవైపు మెడ కనపడని మాజీ పోలీసాయన, కుడివైపు కళ్ళజోడు బక్కాయన. మాకంటే ముందు నలుగురి పేర్లు పిలిచారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు కూడా పట్టలేదు. నలుగురికీ వద్దనేశారు. నాలుగో మనిషి తల్లి బయటికి వెళ్తూ కుర్చీ కాలు తగిలి పడబోతే ఒపెల్ పట్టుకుంది. ఒపెల్ చెయ్యి మంచుముక్కలా ఉంది.

ఆఖరి నిమిషంలో మా యజమాని డేల్ ప్రూయిట్ వచ్చాడు. ఆరు హోటళ్ళ ఆసామి, మంచి మనిషేనని నాకు ఆ రోజు దాకా నమ్మకం. కొత్త కోటు వేసుకున్నాడు, సెంటు వాసన నాలుగు వరసల దాకా కొట్టింది. "నేనొచ్చాగా వెర్నెల్, ఇంక చూస్కో," అని నా భుజం తట్టాడు. నాకు కొండంత ధైర్యం వచ్చింది. నిజంగానే వచ్చింది.

"ఆర్లిస్ బాయ్‌కిన్," అని పిలిచారు.

ముందు వకీలు లేచి పాత కథ చదివాడు. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆర్లిస్ ఒక పెట్రోలు బంకు బయట కారులో కూర్చున్నాడు. లోపలికి వెళ్ళిన స్నేహితుడు బంకు యజమాని దవడ విరగ్గొట్టి డబ్బు తెచ్చాడు. ఆర్లిస్ కారు నడిపాడు. అదీ నేరం. ఆ యజమాని ముసలితనంలో పోయాడు, వాళ్ళ వాళ్ళెవరూ ఆ రోజు రాలేదు. అయినా వకీలు, "ఇలాంటి మనిషి జనం మధ్యకి వస్తే ప్రమాదం," అని చెప్పి కూర్చున్నాడు.

ఒపెల్ లేచింది. ఏడవలేదు. "మా ఇంట్లో వాడికి గది ఉందండీ, మంచం వేశాను. మా ఆయన పడవలో పని ఉంది. వాడు వెళ్ళినప్పుడు మా అమ్మ ఉంది, ఇప్పుడు లేదు. ఇంక నేనొక్కదాన్నే," అంది. నిమిషం నలభై. నేను మెచ్చుకోలుగా ఆమె మోచెయ్యి నొక్కాను.

తర్వాత డేల్ లేచి కోటు సర్దుకున్నాడు.

"మేడమ్, అయ్యల్లారా, ముందు మీకు కృతజ్ఞతలు. నా ఆరు హోటళ్ళలో క్యాంపు నుంచి వచ్చేవాళ్ళు నలభై ఇద్దరు పనిచేస్తున్నారు. బయటివాళ్ళని పెట్టుకుంటే సోమవారం వస్తాడు, బుధవారం మానేస్తాడు. వీళ్ళు అలా కాదు. జ్వరమొచ్చినా వస్తారు. వీళ్ళలో ఆర్లిస్ నంబర్ వన్. అతన్ని చూసి మీరు గర్వపడాలి. ఇంత బాగా నడుస్తున్న ఏర్పాటు ఇంకెక్కడా లేదు. ఇది ఇలాగే సాగాలని నా కోరిక."

కూర్చున్నాడు. మాజీ పోలీసాయన తల పెద్దగా ఊపాడు. బక్కాయన కూడా ఊపాడు. నాకు ముందు సంతోషం వేసింది, తర్వాత ఆ ఆఖరి మాట దగ్గర ఆగిపోయాను. ఇలాగే సాగాలని అన్నాడేంటి? వదలమని కదా మేం వచ్చింది!

"వెర్నెల్ టీగ్ ఎవరు?" అంది పెద్దావిడ.

లేచాను. ఆవిడ చేతిలో నా ఉత్తరం ఉంది. మూడో పేజీ పైకి తీసి, కళ్ళజోడు సర్దుకుని, నేను రెండు గీతలు గీసిన మాటని పైకి చదివింది. "ఆర్లిస్ బాయ్‌కిన్ లేకపోతే ఈ హోటల్ తెరవలేం. ఇది మీరు రాసిందేనా?"

"నేనేనమ్మా."

"మరి మీ హోటల్ మూసేయించమంటారా మమ్మల్ని?" అన్నాడు మాజీ పోలీసాయన. వెనక కుర్చీల్లో కొందరు నవ్వారు.

పెద్దావిడ నవ్వలేదు. "అతను ఉన్నచోట బాగా పనికొస్తున్నాడు. మీరంటున్నారు, మీ యజమానీ అంటున్నారు. బాగా నడుస్తున్నదాన్ని మార్చాలనడానికి కారణం ఏమిటో ఈ మూడు పేజీల్లో నాకు కనపడలేదు," అంది.

అప్పుడు అర్థమైంది నాకు. మూడు వారాలు కూర్చుని, డిక్షనరీ చూసుకుని, నా చేత్తో నేనే రాసి, అతని మెడకి గుదిబండ కట్టి తెచ్చాను. అతను ఎంత మంచివాడో ఒక్క ముక్క రాయలేదు. నాకెంత పనికొస్తాడో మాత్రం రాశాను. పక్కన ఒపెల్ టోపీ కింద ముఖం దాచుకుంది. తొంభై మైళ్ళ అవతల అతను ఇప్పుడు పదకొండింటి ట్రే తీస్తూ ఉంటాడు.

నాకు కోపం వస్తే మా ఇంట్లో కుక్క కూడా మంచం కిందకి దూరుతుంది. అంత కోపం వచ్చింది, ఈసారి నామీద నాకే.

"ఆ కాగితం చించెయ్యండి," అన్నాను.

"ఏమన్నారు?"

"చించెయ్యమన్నానమ్మా. అది మేనేజరు రాసింది. ఇప్పుడు నేను చెప్తా వినండి. బిస్కెట్లు ఎవరైనా చేస్తారు. పిండి, వెన్న, మజ్జిగ. అతను రాకముందు నేను చేశా, అతను వెళ్ళిపోతే మళ్ళీ నేనే చేస్తా. మోకాళ్ళు నొప్పి పుడతాయి, అంతే. నా మోకాళ్ళ కోసం ఒక మనిషిని జైల్లో పెట్టుకుంటారా?"

నాకు నోరు తెరవడం వచ్చుగానీ మూయడం రాదు.

"ఆలస్యంగా రాలేదని రాశా. ఆలస్యంగా ఎలా వస్తాడు, తెచ్చి దింపేది మీ వ్యానైతే? సెలవడగలేదని రాశా. అడిగితే పెద్ద జైలుకి పంపుతారని భయపడి అడగలేదు. జ్వరమొచ్చినా వస్తారని మా మిస్టర్ డేల్ గొప్పగా చెప్పాడు. పోయిన జనవరి చలిలో నూట రెండు జ్వరంతో వచ్చాడు ఆర్లిస్, నేను చూశా. చూసి ఏం చేశాననుకున్నారు? రెండు మాత్రలిచ్చి కార్ల కిటికీ దగ్గర నిలబెట్టా. ఎందుకంటే ఆ రోజు నా మనవరాలి పుట్టినరోజు, నేను తొందరగా వెళ్ళాలి. నాలుగేళ్ళుగా నా ప్రతి పండగా అతని భుజాల మీదే గడిచింది. ఉత్తమ మేనేజరని నాకిచ్చిన బొమ్మ మా ఇంట్లో టీవీ మీద ఉంది."

"రెండు నిమిషాలు అయిపోయాయి," అన్నాడు మాజీ పోలీసాయన.

"ఒక్క ముక్క! ప్రమాదం అన్నారు వకీలుగారు. అయ్యా, హోటల్ తాళంచెవి అతని దగ్గరుంది. తెల్లారకముందు ఒక్కడే తలుపు తీస్తాడు. స్కూలు పిల్లల బస్సు మా ముందే ఆగుతుంది, వాళ్ళ చేతులకి పొట్లాలు అందించేది అతనే. మీ వ్యాన్ డ్రైవరు కూడా అతని చేతి వంటే తింటాడు. ప్రమాదమైతే ఇన్నాళ్ళు మా మధ్య ఎలా వదిలారు? ప్రమాదం కాకపోతే ఇంకా లోపల ఎందుకు పెట్టారు? రెండిట్లో ఏదో ఒకటే చెప్పండి. రెండూ చెప్పకండి!"

కూర్చుండిపోయాను. డేల్ ముఖం మిరపకాయలా ఉంది. ఒపెల్ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఉంగరం చర్మంలోకి దిగింది.

ముగ్గురూ గుసగుసలాడుకున్నారు.

"వద్దు," అన్నాడు మాజీ పోలీసాయన.

"వదిలేద్దాం," అన్నాడు బక్కాయన. నేను ఉలిక్కిపడి అతనికేసి చూశాను. అతను కాగితాల్లోంచి తలెత్తలేదు.

ఇక మిగిలింది పెద్దావిడ. పెన్ను మూత తీసింది, పెట్టింది. మళ్ళీ తీసింది. నాకు ఆ పెన్ను లాక్కుని కిటికీలోంచి విసిరెయ్యాలనిపించింది.

"మీ హోటల్ హైవే మీద, నీళ్ళ ట్యాంకు ఎదురుగా ఉన్నదేనా?" అని అడిగింది.

"అదేనమ్మా."

"ఈస్టర్‌కి మా చెల్లెలి ఊరికి వెళ్తూ అక్కడ ఆగాం. కిటికీలో ఒకతను మా తమ్ముడి కొడుక్కి ఇంకో బిస్కెట్ ఊరికే ఇచ్చాడు." నా ఉత్తరం పక్కన పెట్టింది. "అతనికేసి నేను సరిగ్గా చూడను కూడా లేదు." పెన్నుతో ఏదో రాసింది. "వదిలేద్దాం."

ఒపెల్ కేక ఆ భవనం అంతా వినపడి ఉంటుంది. టోపీ ఎగిరి వెనక వరసలో ఎవరి ఒళ్ళోనో పడింది. నేనూ అరిచాను, ఏమని అరిచానో గుర్తులేదు. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని గంతులేస్తుంటే జవాను వచ్చి బయటికి నడవండమ్మా అని మెల్లగా తోశాడు. అతనూ నవ్వుతున్నాడు.

వరండాలో డేల్ నాకోసం నిలబడి ఉన్నాడు.

"నలుగురిలో నా పరువు తీశావు కదే, వెర్నెల్."

"మీ పరువు మీరే తీసుకున్నారు మిస్టర్ డేల్. కావాలంటే నా ఉద్యోగం తీసెయ్యండి!" ఆ సంతోషంలో నాకు ఉద్యోగం గడ్డిపోచ.

డేల్ చెయ్యి అడ్డంగా ఊపాడు. "ఉద్యోగం సంగతి కాదు. అతను వెళ్ళిపోతే వంట ఎవరు చేస్తారు? క్యాంపుకి ఫారం పెట్టు, ఇంకొకణ్ణి పంపిస్తారు."

"పెడతా, పెడతా," అంటూ ఫోను కోసం సంచీలో వెతుక్కుంటున్నాను.

ఆర్లిస్‌కి ఫోను లేదు, ఉండకూడదు కూడా. హోటల్ నంబరుకి చేశాను. ఎంగేజ్. మళ్ళీ చేశాను, ఎంగేజ్. పన్నెండింటి రద్దీ, ఊరంతా ఆర్డర్లు చెప్పుకుంటోంది! ఏడోసారికి క్యాషు దగ్గరుండే టనీషా ఎత్తింది.

"ఆర్లిస్‌ని పిలు!"

"మిస్ వెర్నెల్, పదకొండు కార్లున్నాయి లైన్లో."

"కార్లు గంగలో దూకనీ! పిలవమన్నానా?"

ఫోను చేతులు మారింది. వెనక నూనె చిటపటలు, ఎవరో ఉప్పు అడుగుతున్నారు. "మేడమ్, బిస్కెట్ల గురించైతే పావుగంట పడుతుంది," అన్నాడు ఆర్లిస్. కావాలనే అన్నాడు.

"వదిలేస్తున్నారు నాయనా. ఇద్దరు అవునన్నారు. నిన్ను వదిలేస్తున్నారు!"

పొయ్యి గంట కొట్టింది. "ట్రే మాడిపోతుంది, ఒక్క నిమిషం," అని ఫోను బల్ల మీద పెట్టేశాడు. ట్రే చప్పుడు వినపడింది. తర్వాత టనీషా ఏమైంది ఏమైంది అనడం, అతను ఏదో చెప్పడం, ఒక్కసారిగా వంటిల్లంతా గోల. గరిటెలతో మూకుళ్ళు బాదుతున్నారు. ఆ గోల మధ్యలో పెద్దగా ఏడుపు. పందొమ్మిదేళ్ళ ఏడుపు. ఒపెల్ నా చేతిలోంచి ఫోను లాక్కుని, "ఒరే, నేనేరా, అక్కనిరా," అంటూ వరండా మెట్ల మీద చతికిలబడింది. నేను గోడకానుకుని నిలబడి ఏడ్చాను. నా జన్మలో అంత మంచి పని నేనెప్పుడూ చెయ్యలేదని అనుకున్నాను. అలా అనుకోవడం కూడా ఎంతో బాగుంది.

కాగితాలన్నీ అయ్యేసరికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆర్లిస్ రోజూ వ్యాన్‌లోనే వచ్చాడు, పనిచేశాడు, వెళ్ళాడు. మానడానికి వీల్లేదు, మానితే వదలడం ఆగిపోతుంది. నేను మాత్రం పొద్దున్నే వచ్చి పిండి కలపడం మొదలుపెట్టాను. నా బిస్కెట్లు చూసి, "ఇవి పొంగలేదు మిస్ వెర్నెల్, అలిగాయి," అనేవాడు. ఆఖరి రోజున కూడా అవి అలిగే ఉన్నాయి.

విడుదలైన రోజు పొద్దున్న ఒపెల్ క్యాంపు దగ్గరికే వెళ్ళి అతన్ని తెచ్చుకుంది. సముద్రం వైపు వెళ్ళే ముందు మా హోటల్ దగ్గర ఆగుతామని కబురు పెట్టింది. టనీషా బుడగలు కట్టింది, చర్చివాళ్ళు వచ్చారు, స్కూలు బస్సు డ్రైవరు బస్సు పక్కకి పెట్టి మరీ దిగాడు. తొమ్మిదింటికి ముందువైపు తలుపు తెరుచుకుంది. ఆర్లిస్! నాలుగేళ్ళలో ఆ తలుపులోంచి అతను రావడం అదే మొదటిసారి. ఎప్పుడూ వెనక గుమ్మమే కదా. నీలం చొక్కా, మడతలు ఇంకా పోలేదు. కౌంటరు ఇవతల నిలబడి, "ఇక్కడ తినడానికి ఏమైనా దొరుకుతుందా అమ్మా?" అన్నాడు. అందరం ఘొల్లుమన్నాం. నేను పరిగెత్తి వెళ్ళి కావలించుకున్నాను. ఒకళ్ళ మీద ఒకళ్ళం పడి ఫోటోలు దిగాం. అతను కుర్చీలో కూర్చుని మొదటిసారి మా ప్లేట్లో తిన్నాడు. నేను చేసిన అలిగిన బిస్కెట్టే, ముక్క మిగల్చకుండా.

ఆ సందడిలోనే వెనక హారన్ మోగింది. తెల్ల వ్యాన్. నేను పెట్టిన ఫారానికి క్యాంపువాళ్ళు మనిషిని పంపారు. మొదటి రోజు కాబట్టి కాగితాల పనితో ఆలస్యమైందని డ్రైవరు చెప్పాడు. యాభై దాటిన మనిషి, వెడల్పాటి చేతులు, పేరు థర్మన్. తలుపు దగ్గరే టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. పెద్ద జైలు వంటశాలలో పన్నెండేళ్ళు చేశానన్నాడు. నేను గిన్నె చూపించగానే చేతులు కడుక్కుని పిండిలో వెన్న కలపడం మొదలుపెట్టాడు. ఆ చేతులు చూస్తూనే నాకు తెలిసిపోయింది. పిండి అతని మాట వింటోంది. నా మోకాళ్ళు అప్పుడే తేలికపడ్డాయి. ఆదివారం గుర్తొచ్చింది, వచ్చే నెల మా పెద్దమ్మాయి పెళ్ళిరోజు గుర్తొచ్చింది.

వీడ్కోలు చెప్పడానికి ఆర్లిస్ వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"విచారణ ఎప్పుడు నీకు?" అని థర్మన్‌ని అడిగాను.

"ఇంకా ఐదేళ్ళుందమ్మా."

"మంచిది," అన్నాను.

నోట్లోంచి వచ్చేసింది. నవ్వుతూ, హాయిగా అన్నాను. థర్మన్ చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కలపడం మొదలుపెట్టాయి. "అవునమ్మా," అన్నాడు తలెత్తకుండా.

ఆర్లిస్ నాకేసి చూశాడు. కోపంగా కాదు. అదైనా బాగుండేది.

"నేనొచ్చిన రోజు నాలుగేళ్ళుందని చెప్పాను మిస్ వెర్నెల్," అన్నాడు మెల్లగా. "మీరు ఇదే మాట అన్నారు."

బయట ఒపెల్ హారన్ కొట్టింది. అతను నా చెయ్యి రెండు చేతుల్లో పట్టుకుని నొక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజు అలా అన్నానా? ఎంత తలబద్దలు కొట్టుకున్నా నాకు గుర్తు రాలేదు. అతను దాన్ని నాలుగేళ్ళు మోశాడు, నాకు గుర్తు కూడా లేదు. కార్ల కిటికీ దగ్గర నాలుగు కార్లున్నాయని టనీషా అరుస్తోంది. థర్మన్ ట్రే పొయ్యిలో పెట్టి, తర్వాత ఏం చెయ్యాలో చెప్పమని నాకోసం చూస్తున్నాడు.